సైకాలజీలో మార్కులు ఎక్కడ జారిపోతున్నాయి?

ఈసారి చదువు సందేహాల్లో సైకాలజీ మీద ఉత్తరాలు బాగా వచ్చాయి. చాలా వరకు సీబీఎస్‌ఈ పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలవే. అమెరికా నుంచి ఒక తల్లి కూడా రాశారు. ఒకే తరహా ప్రశ్నల్ని కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: పుస్తకం నాలుగుసార్లు చదివాను. ముఖ్యమైన లైన్లన్నీ హైలైటర్‌తో గీశాను. చదువుతుంటే అన్నీ తెలిసినట్టే ఉంటుంది, పరీక్ష హాల్లో గుర్తుకు రావు. అర్ధ సంవత్సర పరీక్షలో 70కి 41 వచ్చాయి. ఎక్కడ తప్పు చేస్తున్నాను?
– పన్నెండో తరగతి విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: ఆ ‘తెలిసినట్టే ఉండటం’ దగ్గరే మోసపోతున్నావమ్మా. కళ్ల ముందున్న వాక్యాన్ని గుర్తుపట్టడం వేరు, పుస్తకం మూసేసి దాన్ని బయటికి తేవడం వేరు. పరీక్షలో కావాల్సింది రెండోది. నువ్వు సాధన చేస్తున్నది మొదటిది.

దీన్ని రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు 2006లో చక్కగా చూపించారు. ఒక గుంపు విద్యార్థులు ఒకే పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. ఇంకో గుంపు ఒక్క విడత చదివి, మిగతా మూడు విడతలూ చూడకుండా గుర్తున్నదంతా రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే, చదువుతూ పోయినవాళ్లకు 83 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 71 శాతమే. వారం ఆగి అడిగితే తారుమారైంది. చదివినవాళ్లు 40 శాతం దగ్గర ఆగిపోయారు, రాసినవాళ్లు 61 శాతం చెప్పగలిగారు. పరీక్ష ముందు రాత్రి నాలుగోసారి చదివి ధైర్యంగా పడుకున్నవాళ్లు ఫైనల్ పరీక్షల నాటికి ఎందుకు తడబడతారో ఈ అంకెల్లోనే ఉంది.

కాబట్టి పాఠం మొత్తాన్ని ఒక్కసారి శ్రద్ధగా చదువు. తర్వాత నుంచి తెల్ల కాగితంతోనే పని. షిజోఫ్రీనియా (ఆలోచన, అనుభూతి వాస్తవానికి దూరమయ్యే తీవ్రమైన మానసిక రుగ్మత) తీసుకుందాం. ఆ భాగం చదివి, పుస్తకం మూసి, పది నిమిషాలు గుర్తున్నది రాయి. పాజిటివ్ సింప్టమ్స్ అని రాసి కింద డెల్యూజన్స్ (నిజం కానిదాన్ని గట్టిగా నమ్మడం), హాల్యూసినేషన్స్ (లేనివి కనిపించడం, వినిపించడం), ఫార్మల్ థాట్ డిజార్డర్స్ (ఆలోచనలు అతుకు లేకుండా పోవడం) అన్నావనుకో. నెగెటివ్ కింద అలోజియా, అవొలిషన్ గుర్తొచ్చి, బ్లంటెడ్ అఫెక్ట్ దగ్గర ఆగిపోయావు. సైకోమోటర్ సింప్టమ్స్ (కదలికల్లో వచ్చే మార్పులు) అనే మూడో గుంపు అసలు తట్టలేదు. ఇప్పుడు పుస్తకం తెరిచి, రాయలేకపోయినవి మాత్రం ఎర్ర పెన్నుతో చేర్చు. ఆ ఎర్ర అక్షరాలే నువ్వు మళ్లీ చదవాల్సిన భాగం, పాఠం మొత్తం కాదు. ఇదే కాగితం రెండు రోజుల తర్వాత, వారం తర్వాత, మూడు వారాల తర్వాత మళ్లీ ఖాళీగా మొదలుపెట్టు. ప్రతిసారీ ఎరుపు తగ్గుతూ రావాలి. తగ్గలేదంటే ఆ ముక్క అర్థం కాలేదని లెక్క. అప్పుడు టీచర్‌ని అడుగు.

ఈ పాఠంలోనే చాలామంది చేసే ఒక పొరపాటు కూడా చూసుకో. పాజిటివ్ అంటే మంచి లక్షణం అనుకుంటారు. మామూలు మనిషిలో లేనిది అదనంగా వచ్చి చేరితే పాజిటివ్, ఉండాల్సింది తగ్గిపోతే నెగెటివ్. మాట తగ్గిపోవడం (అలోజియా), ముఖంలో భావం పెద్దగా కనిపించకపోవడం (బ్లంటెడ్ అఫెక్ట్), ఏ పనీ మొదలుపెట్టలేకపోవడం (అవొలిషన్) రెండో రకం. ఇది పట్టుకుంటే జాబితాను బట్టీ పట్టాల్సిన పని సగం తగ్గుతుంది.

ప్రశ్న: నిర్వచనాలన్నీ ఒప్పజెప్పగలను. కానీ ఒక సంఘటన ఇచ్చి అది ఏమిటో చెప్పమంటే తికమక పడతాను. ముఖ్యంగా నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్, పనిష్‌మెంట్.
– పదకొండో తరగతి విద్యార్థి, విజయవాడ

జవాబు: మంచి మార్కులకూ ఓ మోస్తరు మార్కులకూ తేడా వచ్చేది ఇక్కడే. ఈ సబ్జెక్టులో పోలికలున్న పదాలు జంటలు జంటలుగా ఉంటాయి. ప్రశ్నలు తయారుచేసేవాళ్లు వాటినే పక్కపక్కన ఆప్షన్లుగా పెడతారు. విడివిడిగా నిర్వచనాలు నేర్చుకుంటే లాభం లేదు. జంటగా పెట్టి, ఆ రెంటినీ విడదీసే ప్రశ్న ఏమిటో పట్టుకోవాలి.

నువ్వడిగిన జంటకు రెండు ప్రశ్నలు చాలు. ఆ పని ఇకముందు పెరుగుతుందా, తగ్గుతుందా? ఏదైనా వచ్చి చేరిందా, తొలగిపోయిందా? దోమలు కుడుతుంటే కాయిల్ వెలిగించాం, కుట్టడం ఆగింది. రేపు కూడా వెలిగిస్తాం. పని పెరిగింది, బాధ తొలగింది. కాబట్టి నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్. ఆలస్యంగా ఇంటికొచ్చినందుకు నాన్న ఫోన్ లాక్కున్నారు, ఆలస్యాలు తగ్గాయి. ఇక్కడా ఒకటి తొలగింది, కానీ పని తగ్గింది. కాబట్టి పనిష్‌మెంట్. ఎప్పుడూ మొదటి ప్రశ్నతోనే మొదలుపెట్టు. నెగెటివ్ అన్న మాట చూడగానే శిక్ష అని రాసేవాళ్లు ఆ ప్రశ్న వేసుకోనివాళ్లే.

ఇదే పద్ధతిలో ఒక నోట్‌బుక్ పెట్టు. ఎడమ పేజీలో జంట, మధ్యలో విడదీసే ప్రశ్న, కుడి పేజీలో నీ ఇంట్లోనో వీధిలోనో జరిగే రెండు ఉదాహరణలు. ప్రోయాక్టివ్, రెట్రోయాక్టివ్ ఇంటర్‌ఫియరెన్స్‌కి ‘ఏది దేనికి అడ్డం పడింది?’ అన్నదే ప్రశ్న. ఏటీఎం పిన్ మార్చాక కూడా వేళ్లు పాత పిన్నే నొక్కుతుంటే పాతది కొత్తదానికి అడ్డం పడింది, అది ప్రోయాక్టివ్. కొత్త నంబరు అలవాటయ్యాక పాతది గుర్తు రాకపోతే రెట్రోయాక్టివ్. క్లాసికల్, ఆపరెంట్ కండిషనింగ్‌ల దగ్గర, ఫలితం రావడానికి ప్రాణి ముందు ఏమైనా చేయాల్సి వచ్చిందా అని అడుగు. పావ్లోవ్ ప్రయోగంలో కుక్క ఏమీ చేయకపోయినా తిండి వస్తుంది, అది క్లాసికల్. స్కిన్నర్ ప్రయోగంలో ఎలుక మీట నొక్కితేనే వస్తుంది, అది ఆపరెంట్.

ప్రయోగాల ప్రశ్నల్లో ఇండిపెండెంట్, డిపెండెంట్ వేరియబుల్స్ తారుమారు కావడం మరీ ఎక్కువ. పరిశోధకుడు తన చేత్తో మార్చింది ఏది, చివర్లో లెక్కపెట్టింది ఏది? పాట పెట్టి ఒక గుంపు చేత, పాట లేకుండా ఇంకో గుంపు చేత పదాల జాబితా చదివిస్తే, మార్చింది పాట, అది ఇండిపెండెంట్; లెక్కపెట్టింది గుర్తున్న పదాల సంఖ్య, అది డిపెండెంట్. జాబితా, సమయం, గది రెండు గుంపులకూ ఒకేలా ఉండాలి. లేదంటే తేడా పాట వల్లే వచ్చిందని చెప్పలేం.

సొంత ఉదాహరణలు రాసుకున్నాక టీచర్‌కి తప్పక చూపించు. తప్పుడు ఉదాహరణ ఒకసారి మనసులో నాటుకుంటే తీసేయడం కష్టం.

ప్రశ్న: ఆరు మార్కుల ప్రశ్నకు మూడు పేజీలు రాశాను, మూడే వేశారు. తెలిసిందంతా రాసినా ఎందుకు తగ్గించారు?
– పన్నెండో తరగతి విద్యార్థి, వరంగల్

జవాబు: తెలిసిందంతా రాయడమే కారణం కావచ్చు, బాబూ. ఆరు మార్కుల ప్రశ్నకు దాదాపు 200 పదాలు మించక్కర్లేదు. రెండు మార్కులకు ముప్పై పదాలు చాలు. 180 నిమిషాలు, 70 మార్కులు; అంటే మార్కుకు రెండున్నర నిమిషాలు. ఆరు మార్కులకు పదిహేను నిమిషాలే. మూడు పేజీలు రాస్తే ఆ సమయం ఎక్కడో ఇంకో ప్రశ్నకు కోత పడుతుంది.

హాన్స్ సెల్యే జనరల్ అడాప్టేషన్ సిండ్రోమ్ వివరించమన్నారనుకో. మొదటి వాక్యంలో ఆ నమూనా ఏం చెబుతుందో చెప్పు: ఒత్తిడి ఎక్కడి నుంచి వచ్చినా శరీరం ఒకే తరహాలో స్పందిస్తుంది, అది మూడు దశల్లో సాగుతుంది. తర్వాత అలారం, రెసిస్టెన్స్, ఎగ్జాషన్. ఒక్కోదానికి విడి పేరా, పేరు కింద గీత, ఆ దశలో శరీరంలో ఏం జరుగుతుందో రెండు వాక్యాలు. చివర్లో ఈ నమూనా మీద ఉన్న విమర్శ: మనిషి ఆ పరిస్థితిని మనసులో ఎలా తీసుకుంటాడన్నదానికి ఇందులో చోటు చాలా తక్కువ. ఈ ఆఖరి ముక్క చాలామంది వదిలేస్తారు. సెల్యే జీవిత చరిత్ర, ఒత్తిడి నిర్వచనాలు, ఒత్తిడి రకాలు ఇక్కడ అడగలేదు.

ప్రశ్నలో ఉన్న క్రియకు గీత గీయడం అలవాటు చేసుకో. ‘డిస్టింగ్విష్’ అంటే ఒకే అంశం మీద రెండిటినీ ఎదురెదురుగా పెట్టాలి, రెండు నిర్వచనాలు రాసి వదిలేస్తే మార్కు రాదు. ‘ఎవాల్యుయేట్’ అంటే మంచీ చెడూ రెండూ. కేసు ఇచ్చి అడిగితే కింది ప్రశ్నలు ముందు చదివి, తర్వాత కేసు చదువు. జవాబులో కేసులోని మాటను ఎత్తి రాయి. ‘తలుపు గడియ పెట్టానా అన్న ఆలోచన పదేపదే వస్తుంది, ఇది అబ్సెషన్, లేచి వెళ్లి పదిసార్లు చూస్తుంది, ఇది కంపల్షన్’ అన్నట్టు. పేరు రాసి వదిలేస్తే సగమే.

ఏ పాఠానికి ఎంత సమయం ఇవ్వాలో కూడా చూసుకో. పన్నెండో తరగతిలో వేరియేషన్స్ ఇన్ సైకలాజికల్ ఆట్రిబ్యూట్స్‌కి 13, సెల్ఫ్ అండ్ పర్సనాలిటీకి 13, డిజార్డర్స్‌కి 12 మార్కులు. మూడు పాఠాలకే 38. ఆసక్తిగా ఉంటుందని డిజార్డర్స్ మీదే నెల రోజులు గడిపి, ఇంటెలిజెన్స్ సిద్ధాంతాలను ఆఖరికి నెట్టేవాళ్లు ఇక్కడే నష్టపోతారు. స్పియర్‌మన్, థర్‌స్టోన్, గార్డ్‌నర్, స్టెర్న్‌బర్గ్, పాస్ మోడల్‌లను ఒకే కాగితం మీద పట్టికగా వేసుకో. తెలివి ఒకటా, పలు రకాలా, లేక ఆలోచన సాగే ప్రక్రియా అన్న ఒక్క ప్రశ్నతో వాళ్లు విడిపోతారు.

ప్రశ్న: ప్రాక్టికల్స్‌ని పెద్దగా పట్టించుకోవద్దని సీనియర్లు అంటున్నారు. నిజమేనా?
– పన్నెండో తరగతి విద్యార్థిని, తిరుపతి

జవాబు: వాళ్ల మాట వినొద్దు. 30 మార్కులు అక్కడే ఉన్నాయి. ఫైలు, కేస్ ప్రొఫైల్ (ఒక వ్యక్తి గురించి రాసే నివేదిక) కలిపి 10, వైవా 5, రెండు ప్రాక్టికల్స్‌కి 15. ఆ పదిహేనులో పది రిపోర్టుకే.

ప్రాక్టికల్‌లో ఎవరికైనా సైకాలజీ పరీక్ష పెట్టే ముందు దాని మాన్యువల్ పూర్తిగా చదవాలి. ఎదుటివాళ్లతో రెండు నిమిషాలు మాట్లాడి బెరుకు పోగొట్టాలి. సూచనలు మాన్యువల్‌లో ఉన్న మాటల్లోనే చెప్పాలి, సొంతంగా మార్చకూడదు. తెలివిని కొలిచే రావెన్స్ స్టాండర్డ్ ప్రోగ్రెసివ్ మాట్రిసెస్‌లో ఎ నుంచి ఇ వరకు అయిదు సెట్లు, ఒక్కోదానిలో 12, మొత్తం 60 అంశాలు. వచ్చిన సరైన జవాబుల సంఖ్యను ఐక్యూ అని రాసేయడం పెద్ద తప్పు. అది రా స్కోరు మాత్రమే. మాన్యువల్‌లో ఆ వయసుకు ఇచ్చిన నార్మ్స్ (ఆ వయసువాళ్ల సాధారణ స్కోర్లు) పట్టికలో చూసి పర్సెంటైల్‌గా మార్చాలి. వేరే వయసు వరస చూస్తే ఫలితమంతా తప్పిపోతుంది.

కేస్ ప్రొఫైల్‌లో అసలు పేరు రాయకు. అనుమతి తీసుకున్నట్టు రాయి. ‘ఇతనికి డిప్రెషన్ ఉంది’ అని తీర్పు చెప్పకు, నీకు ఆ అర్హత లేదు. చూసింది, విన్నది రాయి. వైవాలో రిలయబిలిటీ, వాలిడిటీ తేడా అడగడం మామూలే: ఎన్నిసార్లు కొలిచినా ఒకేలా రావడం మొదటిది, కొలవాలనుకున్నదాన్నే కొలవడం రెండోది.

ప్రశ్న: డిజార్డర్స్ పాఠం చదివినప్పటి నుంచి అవన్నీ నాకే ఉన్నాయనిపిస్తోంది. చదవాలంటేనే భయమేస్తోంది.
– పేరు వద్దన్నారు, రాజమహేంద్రవరం

జవాబు: ఈ పాఠం చదివే చాలామందికి ఇలా అనిపిస్తుందమ్మా. వైద్య విద్యార్థులకూ ఇదే జరుగుతుంది. లక్షణాల జాబితాలో ఉన్న దిగులు, ఆందోళన, అనుమానం మనందరికీ అప్పుడప్పుడూ ఉండేవే. పాఠం మొదట్లో ఉన్న నాలుగు కొలతలను పక్కన పెట్టుకుని చదువు: మామూలు తీరుకు దూరంగా ఉండటం, బాధ పెట్టడం, రోజువారీ పనులు చెడగొట్టడం, ప్రమాదం. ఎంతకాలంగా ఉంది అన్నది కూడా చూడాలి. రాత్రిపూట ఒంటరిగా కాకుండా పగలు, స్నేహితురాలితో కలిసి చదువు.

నిజంగానే రెండు వారాలుగా నిద్ర, తిండి, చదువు దెబ్బతింటుంటే మాత్రం పాఠం సంగతి పక్కనపెట్టు. అమ్మానాన్నలకో, స్కూల్ కౌన్సెలర్‌కో చెప్పు. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి ఏపీ (అమెరికా హైస్కూళ్లలోని అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) సైకాలజీ తీసుకున్నాడు. వందల ఫ్లాష్‌కార్డులు చేశాడు, అయినా ప్రాక్టీస్ టెస్టుల్లో రాత ప్రశ్నల్లో మార్కులు పోతున్నాయి. మాది డాలస్.
– ఒక తల్లి

జవాబు: 2025 మే నుంచి ఆ పరీక్ష కొత్త రూపంలో జరుగుతోందండీ. పాత నోట్సు, పాత వీడియోలతో సిద్ధమైతే సరిపోదు. ఇప్పుడు 90 నిమిషాల్లో 75 ఆబ్జెక్టివ్ ప్రశ్నలు, తర్వాత 70 నిమిషాల్లో రెండు రాత ప్రశ్నలు. మొదటి భాగానికి మూడింట రెండు వంతుల బరువు. ఫ్లాష్‌కార్డులు అక్కడ పనికొస్తాయి, రాత ప్రశ్నలకు అవొక్కటే చాలవు.

మొదటి రాత ప్రశ్నలో ఒక పరిశోధన సారాంశం ఇస్తారు. పద్ధతి ఏది, వేరియబుల్‌ని ఎలా కొలిచారు, ఆ అంకె ఏం చెబుతోంది, ఏ నైతిక నియమం పాటించారు, ఫలితం ఎవరికి వర్తిస్తుంది అని అడుగుతారు. పిల్లలు ఎక్కువగా తప్పేది వర్తింపు దగ్గర. ‘శాంపిల్ చిన్నది’ అని గాల్లో రాయడం కుదరదు. పాల్గొన్నవాళ్ల వయసు, ఊరు లాంటి వివరం ఆ సారాంశంలోంచే ఎత్తి చూపాలి. రెండో ప్రశ్నలో మూడు సారాంశాలిచ్చి ఒక వాదన నిలబెట్టమంటారు. రెండు వేర్వేరు సారాంశాల నుంచి సాక్ష్యం, ఒక్కోదానికి వేర్వేరు సైకాలజీ భావన కావాలి. ఒకే భావనను రెండుచోట్లా వాడితే రెండో చోట పాయింటు రాదు.

వారానికి ఒక సారాంశం తీసుకుని, గడియారం పెట్టి 25 నిమిషాల్లో రాయించండి. ఆ పరీక్ష నిర్వహించే కాలేజ్ బోర్డు విడుదల చేసిన స్కోరింగ్ మార్గదర్శకాలు పక్కన పెట్టి అతనితోనే దిద్దించండి. పరీక్ష బ్లూబుక్ యాప్‌లో జరుగుతుంది కాబట్టి చివరి నెలలో ఆ రాత సాధన కంప్యూటర్ మీదే చేయించండి.