రెడ్ బ్యారన్ నడిపిన ఎర్ర విమానం ఇప్పుడు ఏ మ్యూజియంలో ఉంది?

రెడ్ బ్యారన్ అంటే మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ ఫైటర్ పైలట్ మాన్‌ఫ్రెడ్ ఫాన్ రిచ్‌తోఫెన్. ఆయన ఆఖరి విమానం మొత్తంగా అయితే ఎక్కడా లేదండీ. సీటు టొరంటోలో రాయల్ కెనడియన్ మిలిటరీ ఇన్‌స్టిట్యూట్ దగ్గర ఉంది, ఇంజిన్ లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియంలో, కంట్రోల్ స్టిక్కు కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్‌లో. తొందరున్నవాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు.

నేను సిడ్నీలో ఉంటాను. 2017లో మా నాన్న వచ్చినప్పుడు కాన్‌బెర్రా తీసుకెళ్లాను. నాన్నది సూర్యాపేట దగ్గర హైవే మీద లారీ షెడ్డు, నలభై ఏళ్లు గ్రీజులోనే బతికాడు. ఆపెరా హౌస్ చూపిస్తే "మంచిగుంది" అని అక్కడే ఆవలించిన మనిషి. సరే, ఇనుప సామాను ఉన్నచోటికైనా తీసుకెళ్దామని జులై చలిలో మూడు గంటలు డ్రైవ్ చేసుకుంటూ పోయాం. దారిలో ఒక కాఫీకి ఎంత తీసుకున్నారో చెప్తే నాన్న ఇప్పటికీ నన్ను తిడతాడు, అది వేరే సంగతి.

అక్కడ అద్దం వెనక ఆ స్టిక్కు. ఒక గొట్టం, పైన పట్టుకునే పిడి, అంతే. 80 విమానాలు కూల్చినవాడి చేతిలో ఆఖరిసారి ఉన్నది ఇదేనని నేను కొంచెం బిల్డప్ ఇచ్చి చెప్పాను. నాన్న వంగి, కళ్లజోడు సర్దుకుని, "గేరు రాడ్డు లెక్కనే ఉన్నది గదరా. మిగతా బండి ఏది?" అన్నాడు.

మిగతా బండి సంగతి ఇది. 1918 ఏప్రిల్ 21న ఫ్రాన్స్‌లో, సోమ్ నది పక్కన వో-సుర్-సోమ్ అనే ఊరి దగ్గర మాన్‌ఫ్రెడ్ ఫాన్ రిచ్‌తోఫెన్‌కు ఒకే ఒక్క తూటా తగిలింది. ఆయన నడుపుతున్నది ఫోకర్ డీఆర్-1, నంబర్ 425/17, మూడు రెక్కల విమానం. గట్టిగా కూలలేదు, పొలంలో కుదుపుగా దిగింది, కాబట్టి చాలావరకు ముక్క చెదరకుండానే ఉంది. చుట్టూ ఉన్నది ఆస్ట్రేలియా సైనికులు. పడింది ఎవరో తెలిసిపోయింది, ఇక ఆగుతారా! కొన్ని గంటల్లో రెక్కల మీది బట్ట చింపుకున్నారు, చేతికందిన భాగం ఊడదీసుకున్నారు.

ఇది చెప్పగానే నాన్న పెద్దగా నవ్వాడు, పక్కన ఒక తెల్లావిడ తిరిగి చూసింది. "మన రోడ్డు మీద నూనె లారీ బోల్తా పడితే జనం బిందెలు పట్టుకుని ఉరకరా? గట్లనే. అందరూ మనుషులే." ఆ పక్కనే రిచ్‌తోఫెన్ తొడుక్కున్న బొచ్చు బూట్లు కూడా ఉన్నాయి. శవం కాళ్ల నుంచి లాగిన బూట్లు అని నాకు ఏదోలా అనిపించింది గానీ నాన్న వాటి కుట్టు చూస్తున్నాడు.

ఇక్కడ నా అభిప్రాయం చెప్తాను, తిట్టేవాళ్లు తిట్టుకోండి. ఆ దోపిడీయే ఆ విమానాన్ని కాపాడింది. నమ్మకపోతే రెండోదాని గతి చూడండి. రిచ్‌తోఫెన్ నడిపిన ఇంకో డీఆర్-1, నంబర్ 152/17, ఒక్క మేకు కూడా పోకుండా బెర్లిన్ మ్యూజియంలో దర్జాగా పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి అది మొత్తం పోయింది. ఇవాళ ప్రపంచంలో అసలు డీఆర్-1 పూర్తి విమానం ఒక్కటీ లేదు. ఎయిర్ షోల్లో ఎగిరేవన్నీ తర్వాత కట్టిన నకళ్లే, అయినా కింద కామెంట్లలో "మా ఊళ్లో చూశాను" అని ఎవడో ఒకడు రాస్తాడు చూడండి.

రిచ్‌తోఫెన్ మాత్రం తక్కువ తిన్నాడా? తను కూల్చిన విమానాల బట్ట మీద నంబర్లు కత్తిరించి ఇంటికి పంపేవాడు, గోడలకు తగిలించేవాడు. ఒక్కో గెలుపుకి బెర్లిన్ నగల దుకాణంలో ఒక వెండి కప్పు చేయించుకునేవాడు, 60 దాకా వచ్చాక యుద్ధంలో వెండి దొరక్క ఆగింది. అప్పటి జర్మనీలోని ష్వైడ్నిట్స్ అనే ఊళ్లో ఆ ఇంటినే తర్వాత మ్యూజియం చేశారు. 1945లో సోవియట్ సైన్యం వచ్చాక ఆ సామాను చెల్లాచెదురైపోయింది. ఒకచోట భద్రంగా పెట్టినవి పోయాయి, సిపాయిలు సంచుల్లో వేసుకుపోయినవి మిగిలాయి.

ఎవరు కాల్చారు అని అడిగేవాళ్ల గురించి రెండు ముక్కలు. కెనడావాళ్లు మా పైలట్ రాయ్ బ్రౌన్ గాల్లోంచి కాల్చాడంటారు, సీటు టొరంటో చేరింది కూడా ఆయన ద్వారానే. తూటా కుడివైపు నుంచి పైకి పోయింది, కాబట్టి కింద నుంచి కాల్చిన ఆస్ట్రేలియా మెషిన్‌గన్‌దే అది, నాకు డౌటే లేదు. సీటు దగ్గరున్నంత మాత్రాన చంపినట్టా?

మన హైదరాబాద్‌కీ ఇలాంటి కథ ఒకటి ఉంది, అది ఫైటర్ కాదు, బాంబర్. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ డబ్బుతో ఆ యుద్ధంలోనే బ్రిటిష్‌వాళ్ల 110వ స్క్వాడ్రన్‌కి డీహెచ్-9ఏ విమానాలు వచ్చాయి. వాటిలో ఒకటి, ఎఫ్-1010, 1918 అక్టోబర్‌లో జర్మన్లకి చిక్కింది, బెర్లిన్ చేరింది, రెండో యుద్ధంలో పోలండ్‌కి తరలించారు, చివరికి 1977లో ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చి బ్రిటిష్‌వాళ్లు వెనక్కి తెచ్చుకున్నారు. నిజాం కానుక అని దాని మీద రాసి ఉంటుంది. హైదరాబాద్‌లో దీని గురించి ఎంతమందికి తెలుసు చెప్పండి. మనం నిజాం వజ్రాల దగ్గరే ఆగిపోతాం.

తిరుగు ప్రయాణంలో చాలాసేపు నాన్న ఏమీ మాట్లాడలేదు. గౌల్‌బర్న్ దాటాక అడిగాడు, "మన షెడ్డుల తుక్కుకి వేసిన మొదటి లారీ యాదికున్నదా?" ఉంది, నేను ఆరో క్లాసులో ఉన్నప్పుడు తూకానికి అమ్మేశారు. "దాని రబ్బరు బుడ్డి హారన్ నేనే ఊడదీసుకున్న. ఓనరుకు చెప్పలె. మంచం కింద పెట్టెల ఉన్నది, మీ అమ్మకు తెల్వది." నేను కారు నడుపుతూనే నవ్వాను. ఇంటికి వచ్చాక అమ్మకి ఫోన్ చేసి ఆ పెట్టె తీసి చూడమన్నాను. తీసింది. రబ్బరు పగిలిపోయిందట, ఇత్తడి గొట్టం మాత్రం బాగానే ఉందట. ఇన్నేళ్లూ దీన్ని ఎందుకు దాచాడో కనుక్కోమని నన్నే అడిగింది.