డబ్బా మీద 88 వోల్టులు, రంపానికి మాత్రం బ్రేకు లేదు

ప్రశ్న: సుబాబుల్ కొమ్మలు కోయడానికి ఆరంగుళాల బ్యాటరీ రంపం కొన్నాను. డబ్బా మీద 88 వోల్టులని ఉంది కానీ, నాలుగు కొమ్మలు కోయగానే ఆగిపోతోంది. రెండు బటన్లు ఒకేసారి నొక్కడం కష్టమై లాక్ బటనుకు టేపు చుట్టాను. ఇంకా పెద్ద బ్యాటరీ వేయవచ్చా?
– ఒక పాఠకుడు, టంగుటూరు

జవాబు: తుపాను వెళ్లిన ప్రతిసారీ నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి దాదాపు ఇదే ప్రశ్న వస్తోంది. ఈ రకం రంపాల బ్యాటరీలో సాధారణంగా అయిదు లిథియం సెల్లులు వరుసగా ఉంటాయి. ఒక్కొక్కటి నిండుగా ఛార్జి అయితే 4.2 వోల్టులు, అంటే మొత్తం 21. డబ్బా మీది 88 కేవలం అమ్మకం కోసం అచ్చువేసిన అంకె. మిషను ఆగిపోవడానికి బ్యాటరీ కంటే చైనే కారణమయ్యే అవకాశం ఎక్కువ. నూనె లేకున్నా, పదును పోయినా, మరీ బిగించినా మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, అప్పుడు బ్యాటరీలోని రక్షణ సర్క్యూటు దాన్ని ఆపేస్తుంది. చెక్క ముక్కలకు బదులు మెత్తటి పొడి రాలుతుంటే చైను మొద్దుబారినట్లే.

నన్ను కలవరపెట్టింది మాత్రం మీ టేపు. పొరపాటున వేలు తగిలినా చైను తిరగకూడదనే ఆ రెండో బటను పెట్టారు. దాన్ని టేపుతో అణచిపెట్టిన మిషను సంచిలో దేనికైనా ఒత్తుకుంటే చాలు, అక్కడే తిరగడం మొదలుపెడుతుంది. ఇంతకంటే పెద్ద ప్రమాదం రంపం మొనలో ఉంది. మొన పైభాగంలో చైను మన నుంచి దూరంగా, ముందుకు పరుగెడుతుంది కాబట్టి, అక్కడ చెక్క తగిలిందంటే రంపం మొత్తం పైకి, మన ముఖం వైపు ఎగిరి వస్తుంది, అదీ మనం చెయ్యి తీసుకునేంత వ్యవధి కూడా ఇవ్వకుండా. ఆరంగుళాల రంపానికి మొన ఎప్పుడూ చెక్కకు దగ్గరలోనే ఉంటుంది, కాబట్టి చిన్నదని చులకన చేయరాదు.

పెద్ద చైన్ రంపాలకు ఇలాంటి సమయంలో చైనును ఆపే బ్రేకు ఉంటుంది. ఈ చిన్నవాటిలో చాలావాటికి అది లేదు, ఛార్జి ఎంతుందో చూపే రంగురంగుల తెర మాత్రం ఉంది! పైగా ప్రకటనల్లో ఎడమచేత్తో కొమ్మ పట్టుకుని కుడిచేత్తో కోస్తూ నవ్వుతున్న మనిషిని చూపిస్తారు. ఆ ఎడమచెయ్యి సరిగ్గా రంపం వెళ్లే దారిలో ఉంటుంది. చిన్నదైనా రెండు చేతులతో పట్టుకోండి, కొమ్మను దేనికైనా ఆనించి కోయండి, మెడలో తువ్వాలు ఉంచుకోకండి, కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోండి. చైను బిగించేముందు బ్యాటరీ ఊడదీయండి.

తుపానుకు వంగి, దేనికిందో ఇరుక్కున్న కొమ్మ విల్లులా బిగుసుకుని ఉంటుంది. సాగుతున్న వైపు, అంటే వంపు బయటి వైపు ముందు కోస్తే చీలి మీదికి ఎగురుతుంది. నొక్కుకున్న వైపు, అంటే వంపు లోపలి వైపు ముందు కొద్దిగా కోసి, తర్వాతే రెండో వైపు కోయాలి. తొడంత లావున్న వాటిని మాత్రం కలప కోసేవాళ్లకే వదిలేయండి.