ఆదివారం తూకం

ప్రశ్న: మేడమ్, నాకు ఇప్పుడు 21వ వారం. ఎత్తు 158 సెంటీమీటర్లు. గర్భం వచ్చేనాటికి 68 కిలోలు ఉన్నాను. అంతకుముందు నుంచే కీటో డైట్ చేస్తున్నాను, మానలేదు. పిండిపదార్థాలు దాదాపు ముట్టను. రోజులో ఎనిమిది గంటల్లోపే రెండు పూటలూ తినేసి మిగతా పదహారు గంటలూ ఖాళీ కడుపుతో ఉంటాను. ఇప్పుడు 65కి వచ్చాను. అప్పుడప్పుడు కళ్లు తిరుగుతాయి, అంతే. స్కాన్ బాగానే ఉంది. డైట్ సంగతి డాక్టర్ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఐరన్ మాత్రలు వేసుకుంటే లావవుతానని అమ్మ అంటే ఆపేశాను. అమ్మ ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో నా బరువు చూసి మెచ్చుకుంటుంది. నన్ను కన్నాక తను బాగా లావైందట, నాన్న తనని నలుగురిలోకి తీసుకెళ్లడం మానేశారట. నాకు ఆ గతి పట్టకూడదని తన తాపత్రయం. నా సమస్యల్లా మా అత్తగారే. ఇద్దరి తిండి తినాలంటూ పళ్లెం పట్టుకుని వెంటపడతారు. మావారు ఇందులో తలదూర్చరు. ఆవిడ మనసు నొప్పించకుండా నోరు మూయించేదెలా?

జవాబు: మూయించకు. నువ్వు తిన్నావా లేదా అని ఆ ఇంట్లో చూస్తున్న మనిషి ఆవిడొక్కరే. ఇద్దరి తిండి అన్న మాట తప్పే, ఒప్పుకుంటాను. మొదటి మూడు నెలలు అదనంగా ఏమీ అక్కర్లేదు, ఆ తర్వాత రోజుకు 340 కేలరీలు, చివరి మూడు నెలల్లో 450 దాకా ఎక్కువ కావాలి. అది రెండో పళ్లెమేమీ కాదు. కానీ ఆవిడ పొరపాటు వల్ల మహా అయితే పళ్లెంలో కాస్త మిగులుతుంది. అత్తగారి సంగతి ఇక వదిలేద్దాం.

మా అమ్మాయి ఈడుదానివి కాబట్టి నువ్వు అనే అంటున్నాను, ఏమీ అనుకోకు. 'నన్ను కన్నాక తను బాగా లావైందట' అన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను. దారిన పోతూ అన్నట్టు రాసేశావు గానీ నీ ఉత్తరమంతా ఆ వాక్యంలోనే ఉంది. ఎన్నేళ్ల నుంచి వింటున్నావమ్మా ఆ మాట? ఊహ తెలిసినప్పటి నుంచీ 'నీ కాన్పుతోనే నా బతుకు ఇలా అయింది' అని వింటూ పెరిగిన పిల్ల పెద్దయ్యాక ఏం చేస్తుంది? బాకీ తీర్చడానికి చూస్తుంది. మీ అమ్మ పోగొట్టుకున్న నడుముని నువ్వు నీ నడుముతో తీరుస్తున్నావు. వడ్డీ కడుపులో బిడ్డ కడుతోంది.

ఆ బాకీ నీది కానే కాదు. బిడ్డని కన్న భార్యని ఒళ్లు మారిందని ఇంట్లో కూర్చోబెట్టింది మీ నాన్నగారు. ఆయన్ని అప్పుడెవరూ నిలదీయలేదు, నీ ఉత్తరంలో నువ్వూ నిలదీయలేదు. ఆయన మీద చూపించలేని కోపాన్ని మీ అమ్మ ముందు తన ఒంటి మీద చూపించుకుంది, ఇప్పుడు నీ ఒంటి మీదికి వచ్చింది. అత్తగారి మీద ఫిర్యాదుతో మొదలై చివరికి అమ్మ దగ్గర తేలే ఉత్తరాలు నాకు కొత్త కాదు. అత్త మీద కోపం తెచ్చుకోవడం సులువు కదా, లోకమంతా వంతపాడుతుంది.

అమ్మ భయపడే ఆ కిలోల్లో ఏముందో చూద్దాం. నెలలు నిండేసరికి బిడ్డ మూడు కిలోల పైచిలుకు, మావి ముప్పావు కిలో, ఉమ్మనీరు కిలోకి కాస్త అటూఇటూ, సాగిన గర్భసంచి మరో కిలో, పెరిగిన రక్తం కిలోన్నర. పాలివ్వడానికి ఒళ్లు దాచుకునే కొవ్వు కొంత. ఇందులో ఏది వద్దంటావు? నీ ఎత్తుకు 68 కిలోలంటే బిఎమ్ఐ, అంటే ఎత్తుతో బరువుని పోల్చే లెక్క, 27. ఉండాల్సినదాని కంటే కాస్త ఎక్కువ. అలాంటివాళ్లు మొత్తం మీద 7 నుంచి 11.5 కిలోలు పెరగాలని అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2009లో చెప్పింది. నువ్వు మూడు తగ్గావు. పైగా లోపల బిడ్డా, మావీ, నీరూ పెరుగుతూనే ఉన్నాయి కదా, అంటే నీ ఒంట్లోంచి పోయింది మూడు కంటే ఎక్కువే. ఆదివారం మెషిన్ ఆ ముక్క చెప్పదు.

బిడ్డ ప్రధానంగా బతికేది గ్లూకోజ్ మీద. నువ్వు తిన్నా తినకపోయినా నీ రక్తంలోంచి మావి దాటి అది రాత్రీ పగలూ పోతూనే ఉంటుంది. అందుకే గర్భిణి పస్తుంటే మామూలు మనిషి కన్నా త్వరగా కీటోన్లు, అంటే ఒళ్లు కొవ్వుని కరిగించుకున్నప్పుడు పుట్టే పదార్థాలు, పెరుగుతాయి, అవీ మావి దాటి బిడ్డకు చేరతాయి. గర్భిణికి రోజుకు కనీసం 175 గ్రాముల పిండిపదార్థాలు కావాలంటారు. నీకు అందులో పావు వంతైనా అందుతోందా? కీటోన్లు మరీ పెరిగితే ప్రమాదం, కాబట్టి ఎప్పుడైనా వాంతులు ఆగకపోయినా, ఊపిరి వేగంగా ఆడినా, కడుపునొప్పి వచ్చినా ఎవరి సలహా కోసమూ ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లు.

ఐరన్ మాత్రలతో ఎవరూ లావవరు. మలబద్ధకం రావచ్చు, విరేచనం నల్లగా కావచ్చు, అంతే. గర్భంలో రక్తం దాదాపు సగానికి సగం పెరుగుతుంది, దానికి ఇనుము ఎక్కణ్ణుంచి వస్తుందనుకున్నావు? గర్భిణికి రోజూ 30 నుంచి 60 మిల్లీగ్రాముల ఐరన్, 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. మీ అమ్మ మాట నమ్మి వాటిని ఆపావంటే నీ వయసెంతో నాకు అనుమానం వస్తోంది.

స్కాన్ బాగుందన్నావు, సంతోషం. బిడ్డ గురించి ఇప్పటికిప్పుడు బెంగపెట్టుకోవద్దు. అయితే స్కాన్ అన్నీ చెప్పదు. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో వచ్చిన కరువులో తొలి నెలల్లో కడుపులో ఉన్న బిడ్డలు పుట్టినప్పుడు మామూలు బరువుతోనే పుట్టారు, పెద్దయ్యాక వాళ్లలో గుండెజబ్బులు ఎక్కువగా కనిపించాయి. నీ పస్తు ఆ కరువంత కాదు, ఆ పోలికతో నిద్ర పాడుచేసుకోకు. డాక్టర్‌కి మాత్రం రేపే అంతా చెప్పు, కళ్లు తిరగడంతో సహా. ఆవిడ అడగలేదనడం సాకు. 24 నుంచి 28 వారాల మధ్య షుగర్ పరీక్ష చేస్తారు. పిండిపదార్థాలు మానేసిన ఒంటికి ఒక్కసారిగా గ్లూకోజ్ తాగిస్తే షుగర్ లేకపోయినా ఉన్నట్టు చూపించవచ్చు. ఆ ముక్క కోసమైనా చెప్పాలి. తలదూర్చని మీ ఆయన్ని కూడా వెంటబెట్టుకుని వెళ్లు, బిడ్డ ఆయనకీ బిడ్డే.

ఇక ఆదివారం. తల్లిని గౌరవించాలన్న విషయంలో నాకు రెండో మాట లేదు. అయితే కడుపుతో ఉన్న కూతురు వారం వారం తన ఒంటి లెక్క అప్పజెప్పడాన్ని నేను గౌరవమనను. ఈసారి కెమెరా మెషిన్ వైపు తిప్పకు. 'అమ్మా, ఇకనుంచి నా బరువు డాక్టర్ చూస్తుంది' అని ఒక్కమాట చెప్పి ఊరుకో. ఏడుస్తుంది. నీ మంచికే చెప్పానంటుంది, అదీ నిజమే, కాదనకు. ఫోన్ పెట్టేయకు. కాస్త కుదుటపడ్డాక, నాన్న నిన్ను మొదటిసారి ఎక్కడికి తీసుకెళ్లకుండా వదిలి వెళ్లారమ్మా అని అడుగు. ఆ సంగతి ఆవిడ ఇంతవరకూ ఎవరికీ పూర్తిగా చెప్పుకుని ఉండదు. ఎంతసేపైనా విను. వినేటప్పుడు ఏదైనా తింటూ విను.