తమరు కోరిన తక్షణం

అల్లుడూ,

నువ్వూ నీ ఇద్దరు స్నేహితులూ కలిసి మన కర్నూలు బుధవారపేటలో నాలుగు పోర్షన్ల ఇల్లు కొంటున్నారని, సగం డబ్బు వడ్డీకి తెస్తున్నారని మీ అమ్మ చెప్పింది. సంతోషమే. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ఇంటి మీద తాకట్లేమైనా ఉన్నాయో చూపే ఈసీ తీయించు, పాత యజమానుల లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించు. ఇవి నీకు తెలిసినవే.

2007లో నేనూ ఒక స్నేహితుడూ పాతబస్తీలో ఇల్లు కొన్నాం. చెరి మూడు లక్షలు వేసుకుని, నాలుగు లక్షలు రూపాయిన్నర వడ్డీకి తెచ్చాం. అద్దె ఎనిమిది వేలు, వడ్డీ ఆరు వేలు. రెండు వేలు మిగులుతోందని మురిసిపోయాం. మా ఇద్దరి మధ్య ఒక్క ముక్క రాసుకోలేదు. స్నేహితులకు కాగితమెందుకన్నది నేనే.

2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చాయి. నువ్వు మేడ మీద మీ అమ్మ కొంగు పట్టుకుని ఒకటే ఏడుపు. నీళ్లు తీశాక చూస్తే గదుల నిండా బురద. అద్దెకున్నవాళ్లు సొంతూళ్లకు పోయారు. అద్దె ఆగింది, వడ్డీ ఆగలేదు. ప్రోనోటులో 'తమరు కోరిన తక్షణం' అని రాసిచ్చాం కదా, అప్పిచ్చినాయన డిసెంబరులోనే కోరాడు. నా స్నేహితుడి అంగడి కూడా మునిగింది పాపం. మరమ్మతుకీ బాకీకీ లక్షా పదివేలు నేనే పెట్టాను. 2013లో ఇల్లు అమ్మేటప్పుడు అది అప్పన్నాను. వాడేమో, అప్పు కాదు, నీ వాటా కింద పెట్టుకున్నావన్నాడు. నా దగ్గర నోటు లేదు. ఉన్నా మూడేళ్లు దాటింది, కోర్టులో చెల్లదు. ఇప్పటికీ కొండారెడ్డి బురుజు దగ్గర ఎదురైతే వాడు అటు చూస్తాడు, నేను ఇటు చూస్తాను.

అందుకేరా, నెలనెలా చినుకుల్లా వచ్చే అద్దెకు తక్షణం అడిగే అప్పు పెట్టుకోవద్దు. ఐదేళ్లో ఏడేళ్లో గడువు రాయించుకో. డబ్బు అకౌంటులోనే తీసుకో. ఇరవై వేలు, ఆపైన అప్పు నగదుగా తీసుకోవడం పన్ను చట్టం ఒప్పుకోదు. రిజిస్ట్రేషన్‌లో ముగ్గురి పేర్లూ, ఎవరి వాటా ఎంతో రాయించండి. ఎవరైనా పైన పెట్టే డబ్బు అప్పా, వాటానా? ఒకరు తప్పుకుంటే మిగతావాళ్లు ఏ లెక్కన కొనాలి? ఇవి ఇప్పుడే రాసుకోండి, నవ్వుతూ ఉన్నప్పుడే. ఆరు నెలల వడ్డీ విడిగా బ్యాంకులో పెట్టండి.

అడ్వాన్సు ఇచ్చేశావా? ఇచ్చుంటే చెప్పు, తిట్టను. 2009లో అక్కడ నీళ్లు ఎంతవరకు వచ్చాయో పక్కింటి పాతవాళ్లను అడుగు. ఆదివారం నేనే వచ్చి గోడలు చూస్తాను. మీ ముగ్గురూ అక్కడే ఉండండి.

మీ మామ