కోపంలో ప్లాట్‌ఫాం మారకు

చిన్నా,

ఐఫోన్, మ్యాక్ రెండూ వదిలేసి, నీ యాప్‌ను ఆండ్రాయిడ్‌లో మొదటి నుంచి రాసుకుంటానన్నావు. పదిహేనేళ్లుగా ఒక్కదాన్నే యాప్‌లు చేసి అమ్ముకుంటున్నాను కాబట్టి, ఈ పిన్ని మాట కాస్త విను.

యాప్‌లు అమ్మే ఆపిల్ స్టోర్ వేరు, యాప్ నడిచే ఐఫోన్, మ్యాక్ అనే ప్లాట్‌ఫాం వేరు. నీ చిరాకంతా స్టోర్ మీదే. ఏటా 99 డాలర్ల ఫీజు, ఆపైన కమిషన్. బీబీఎడిట్ అనే టెక్స్ట్ ఎడిటర్ చూడు, 1992 నుంచి మ్యాక్‌లో ఉంది. దాన్ని చేసేవాళ్లు 2014లో మ్యాక్ యాప్ స్టోర్‌ నుంచి బయటికొచ్చి సొంతంగా అమ్ముకున్నారు, 2019లో మళ్లీ స్టోర్‌లోకి వెళ్లారు. మ్యాక్‌ను మాత్రం ఏనాడూ వదల్లేదు. ఐఫోన్‌లో మనకు ఆ వెసులుబాటు లేదు, ఒప్పుకుంటాను. అయితే ఏడాదికి పది లక్షల డాలర్లలోపు వచ్చే చిన్నవాళ్లకు 2021 నుంచి కమిషన్ 30 కాదు, 15 శాతమే. దానికి మనమే నమోదు చేసుకోవాలి. చేసుకున్నావా? ముందు అది చూడు.

నేనెందుకు ఉండిపోయానో చెబుతాను. ఒకసారి చూపులేని ఒకావిడ మెయిల్ రాసింది. నా ఖర్చుల యాప్‌లో వేలు ఎక్కడ పెట్టినా ఫోన్ "బటన్, బటన్" అంటోందట. బొమ్మలు పెట్టానుగానీ వాటికి పేర్లు రాయలేదు నేను. ఆ రాత్రి, తెర మీద ఉన్నవి చదివి వినిపించే వాయిస్‌ఓవర్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని నా యాప్ నేనే వాడబోయాను. సేవ్ ఏదో డిలీట్ ఏదో తెలియలేదు. ఏడుపొచ్చింది. బటన్‌కు ఒక లైన్ చొప్పున పదకొండు లైన్లు చేర్చాను, అంతే. చదివి వినిపించే పనంతా 2009 నుంచే ఐఫోన్‌లో ఉంది. ఆవిడ ఇప్పటికీ ఏటా డబ్బు కడుతోంది.

ఆండ్రాయిడ్‌లోనూ ఇలా చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఉంది, తెలుసు. కానీ ఇక్కడి ఆనుపానులు నా చేతికి రావడానికి ఏళ్లు పట్టింది. నీకూ అంతే. అందుకే 2014లో ఆపిల్ కొత్త ప్రోగ్రామింగ్ భాష స్విఫ్ట్ వచ్చినప్పుడు కూడా, పాత భాష ఆబ్జెక్టివ్-సిలో రాసిన కోడ్ పారేయలేదు. రెండూ ఒకే ప్రాజెక్టులో కలిసి నడుస్తాయి కాబట్టి ఒక్కో ఫైలే మార్చుకుంటూ వచ్చాను.

నువ్వూ లెక్కలు చేసే కోడ్‌ను స్క్రీన్ల కోడ్ నుంచి విడదీసి పెట్టుకో. రేపు నిజంగా వెళ్లాల్సివస్తే సగం పని మిగులుతుంది. వాడేవాళ్లు తమ డేటా బయటికి తీసుకునే దారి కూడా పెట్టు. ఆండ్రాయిడ్ కావాలని వాళ్లే పదేపదే అడిగితే అప్పుడు వెళ్లు, నేనూ సాయం చేస్తాను.

ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని ఇంటికి రా. ముందు నీ యాప్‌లో వాయిస్‌ఓవర్ ఆన్ చేసి చూద్దాం.

ప్రేమతో,
పిన్ని