ఇండ్ల ప్లాట్ల కోసం పొలాలు తీసుకుంటామంటే సంతకాల సేకరణతో ఆగుతుందా?

హన్మకొండ చుట్టుపక్కల ఊళ్లలో చాలామంది అడిగే ప్రశ్న ఇది. సంతకాలతోనే ఆగిపోదు. ఇన్ని సంతకాలు వస్తే ప్రాజెక్టు రద్దు చేయాలనే నిబంధన మన చట్టాల్లో లేదు. అయినా సంతకాలు వృథా కావు.

2022లో కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) వరంగల్ అవుటర్ రింగ్ రోడ్డు వెంట 27 గ్రామాల్లో 21 వేల ఎకరాలకు పైగా ల్యాండ్ పూలింగ్‌కు సిద్ధమైంది. పూలింగ్ అంటే రైతు భూమి ఇస్తే, లేఅవుట్ వేశాక కొంత భాగాన్ని ప్లాట్లుగా తిరిగిస్తారు. రెండు పంటలు పండే భూమికి ప్లాటు ఎట్లా సాటి అవుతుందని రైతులు రోడ్డెక్కారు. మే నెలలో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఊళ్లన్నీ ఒక్కటిగా నిలబడటమే అందుకు కారణమని నా నమ్మకం.

కాబట్టి సంతకం బలం అది ఎవరిదన్న దానిమీద ఉంటుంది. భూమి ఉన్నవాళ్లవి వేరుగా తీసుకోండి. పేరు పక్కనే సర్వే నంబరు, విస్తీర్ణం రాయించండి. కౌలుదార్లు, కూలీలది వేరే కాగితం. వాళ్ల బతుకూ ఆ పొలంలోనే ఉంది, వదిలేయొద్దు. భూసేకరణ ప్రైవేటు కంపెనీ కోసమైతే 2013 భూసేకరణ చట్టం ప్రకారం సాధారణంగా భూమి కోల్పోయే కుటుంబాల్లో 80 శాతం, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం సమ్మతి కావాలి. అక్కడ భూమి ఉన్నవాళ్ల ప్రతి సంతకం లెక్కలోకి వస్తుంది.

సంతకాల కాగితాలను సోమవారం కలెక్టరేట్‌లో వినతులు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి రశీదు తీసుకోండి. గ్రామసభ తీర్మానం కాపీ జతచేయండి. ముసాయిదా నోటిఫికేషన్‌లో అభ్యంతరాలకు గడువు ఉంటే, ఆ తేదీ దాటకముందే ఎవరికివారు రాతపూర్వకంగా ఇవ్వాలి.