బోధనకూ శిక్షణ కావాలా?

ప్రశ్న: నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారిని. ఓపీ రద్దీలో హౌస్ సర్జన్లకు పిల్లల వైద్యం నేర్పలేకపోతున్నాను. బోధనలో శిక్షణ పొందితే ప్రయోజనం ఉంటుందా?

జవాబు: తప్పకుండా ఉంటుంది. వైద్యం తెలిసినంత మాత్రాన బోధన రాదు. అది విడిగా అభ్యసించవలసిన విద్య. 1992లో అమెరికాలోని కుటుంబ వైద్య అధ్యాపకులు ప్రతిపాదించిన ‘ఒక నిమిషపు బోధన’ పద్ధతి మీకు సరిగ్గా సరిపోతుంది. దగ్గుతో వచ్చిన పది నెలల బిడ్డను చూసిన హౌస్ సర్జన్‌కు మీరే జవాబు చెప్పేయకుండా, తమ నిర్ణయమేమిటో, దానికి ఆధారమేమిటో ముందు అడగండి. శ్వాసలను నిమిషం పాటు పూర్తిగా లెక్కించారా, ఆ వయసులో 50 గానీ అంతకు మించి గానీ ఉంటే ఊపిరి వేగంగా ఉన్నట్టేనని గుర్తించారా అన్నది అక్కడే తేలిపోతుంది. తర్వాత ఒకే ఒక్క సూత్రం నేర్పి, సరిగా చేసినదాన్ని స్పష్టంగా మెచ్చుకోండి. పొరపాటును మాత్రం తల్లి ఎదుట కాక, పక్కకు పిలిచి సరిదిద్దండి.